గడ్డలో చేరిన తెల్లకణాలు: కొన్ని మాటలకు వ్యాఖ్యానం

కళింగపట్నం నుంచి రొమ్ములో గడ్డతో బయలుదేరిన ఆడమనిషి శ్రీకాకుళం మీదుగా విశాఖపట్నం చేరుతుంది. అక్కడ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. బయాప్సీ అయ్యాక ఇంటివాళ్లు అడిగేది ఒకటుంటుంది: ఇమ్యూనిటీ పెంచే మందు వాడితే గడ్డ తగ్గదా? జవాబు కావాలంటే గడ్డలో ఏ తెల్లకణాలు చేరాయో, అవి అక్కడేం చేస్తున్నాయో తెలియాలి.

టిల్స్: అంటే గడ్డలోకి చొచ్చుకొచ్చిన లింఫోసైట్లు అనే తెల్లకణాలు. సూదితో తీసిన ముక్కను ఫార్మలిన్‌లో నిలవచేసి, మైనంలో బిగించి, మూడు నాలుగు మైక్రాన్ల పొరలుగా కోసి రంగు వేస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మైక్రోస్కోపులో లింఫోసైట్లు ఆవాలు చల్లినట్టు, గుండ్రంగా, ముదురు నీలంగా అగుపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. క్యాన్సర్ కణాల గుంపుల నడుమ ఉండే ఆధార కణజాలంలో అవి ఎంత మేర పరుచుకున్నాయో శాతంలో అంచనా కడతారు. కాబట్టి రిపోర్టులో 10 శాతం అని ఉంటే పదోవంతు గడ్డ చచ్చిందని కాదు. ట్రిపుల్ నెగటివ్ రకంలో, అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ గ్రాహకాలు లేక, హెర్‌2 అనే ప్రొటీన్ కూడా ఎక్కువగా లేని రకంలో, ఈ శాతం పెరిగితే సాధారణంగా రోగికి మేలు. హార్మోన్ గ్రాహకాలున్న రకంలో ఆ మాట అంత ధీమాగా చెప్పలేం.

టి కణాలు: లింఫోసైట్లలో ఇవొక తెగ, వీటిలోనూ తేడాలున్నాయి. సిడి8 కణం పెర్ఫోరిన్ అనే ప్రొటీన్‌తో క్యాన్సర్ కణం పొరకు రంధ్రం చేసి, గ్రాంజైమ్ అనే ఎంజైమ్ పంపి చంపుతుంది. నియంత్రక టి కణం ఆ దాడినే అణుస్తుంది. మామూలు రంగుల్లో రెండూ ఒక్కలాగే ఉంటాయి. విడదీయాలంటే వేరే పరీక్ష కావాలి.

మాక్రోఫేజ్: అంటే మింగే కణం. గడ్డలో దీని నడవడి మారిపోతుంది. క్యాన్సర్ కణం సిఎస్ఎఫ్-1 అనే ప్రొటీన్ విడిచి దీన్ని రప్పించుకుంటుంది. మాక్రోఫేజ్ ఇజిఎఫ్ అనే ప్రొటీన్ విడిచి క్యాన్సర్ కణాన్ని కదిలిస్తుంది, కొత్త రక్తనాళాలు మొలవడానికీ తోడ్పడుతుంది. 2001లో శాస్త్రవేత్త పొలార్డ్ బృందం సిఎస్ఎఫ్-1 లేని ఎలుకలను పరిశీలించింది. వాటిలో మొదటి గడ్డ ఎప్పటిలాగే పెరిగింది. ఊపిరితిత్తులకు పాకడం మాత్రం బాగా తగ్గింది. పెరగడం వేరు, పాకడం వేరు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

పిడి-ఎల్1: క్యాన్సర్ కణం మీదా, కొన్ని రక్షక కణాల మీదా ఉండే ప్రొటీన్. టి కణం మీది పిడి-1ను ఇది తాకితే టి కణం దాడి ఆపేస్తుంది. ఆ తాకిడిని అడ్డగించే మందు పెంబ్రోలిజుమాబ్. ముదిరే ప్రమాదం ఎక్కువగా ఉన్న తొలిదశ ట్రిపుల్ నెగటివ్ క్యాన్సర్‌కు, కీమోతో కలిపి వాడేందుకు 2021లో అమెరికా అనుమతించింది.

ఇది ఇమ్యూనిటీ టానిక్కు కాదు. టి కణం మీది నిషేధాన్ని ఎత్తేస్తుంది, అంతే. నిషేధం పోయిన కణం థైరాయిడ్ మీదా, పేగుల మీదా, ఊపిరితిత్తుల మీదా పడవచ్చు. అందుకే ఈ మందు ఎక్కించుకుంటున్నవారికి థైరాయిడ్ పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తారు. విరేచనాలు పట్టుకున్నా, ఆయాసం మొదలైనా అదే రోజు డాక్టరుకు చెప్పాలి.