అనంతపురపు మెట్టభూమిలో పగటి కరెంటు

నైరృతి ఋతుపవనము పడమటి కనుమలను దాటునప్పటికి తన నీటిని చాలవరకు అక్కడనే విడిచివేయును. అనంతపురము మెట్టభూమికి మిగులునది గాలి. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో ఎండకును గాలికిని కొదువ లేదు. వాటినుండి విద్యుచ్ఛక్తిని తీయుట ఇప్పుడు కష్టమైన పని కాదు. తీసిన శక్తిని ఏ వేళ, ఏ తీగపై పంపవలెనన్నదే చిక్కు.

పూర్వము ఇచటి బావులపై కపిల తోలెడివారు. ఎప్పుడు తోలవలెనో, ఎప్పుడు ఎద్దులను విప్పవలెనో రైతే నిర్ణయించుకొనెడివాడు. 1950ల చివర తుంగభద్ర ఆనకట్ట వద్ద జలవిద్యుత్తు ఉత్పత్తి మొదలైనది. తరువాతి దశాబ్దములలో పల్లెలకు తీగలు వచ్చి, కపిల పోయి మోటారు నిలిచెను. బావి ఎండగా బోరు వేసిరి. అదియు ఎండగా మరింత లోతునకు పోయిరి.

అయితే నీరు పారించు వేళ రైతు చేతినుండి సబ్‌స్టేషనుకు పోయినది. పల్లెకు కరెంటు తెచ్చు 11 కిలోవోల్టుల లైనును ఫీడరు అందురు. ఫీడర్లన్నిటికి ఒకేసారి మూడు ఫేజులు ఇచ్చుటకు శక్తి చాలక వంతులు వేసిరి. పట్టణములకును కర్మాగారములకును అవసరము తగ్గు రాత్రివేళలు పొలముల వంతునకు వచ్చినవి. చీకటిలో గట్లవెంట పోయి పాముకాటుకో, తడిచేతితో స్టార్టరును ముట్టి విద్యుద్ఘాతమునకో బలియైన రైతులు ఎందరో కలరు. నిద్ర కాయలేక కొందరు ఆటో స్టార్టర్లు బిగించుకొనిరి. వారిని తప్పు పట్టుట సులభమే కాని, రాత్రి రెండు గంటలకు కరెంటు వచ్చినచో ఎవరు మాత్రమేమి చేయుదురు? దానితో కరెంటు వచ్చిన క్షణముననే మోటార్లన్నియు ఒక్కసారిగా బయలుదేరును. ఇండక్షన్ మోటారు మొదట కదలునప్పుడు, మామూలుగా తిరుగునప్పటికంటె ఐదారు రెట్లు ప్రవాహమును లాగును. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోవును. లైను చివరి పొలములలో వోల్టేజి పడిపోయి మోటార్లు కాలును. 2004లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన పిదప, మోటార్లకు కెపాసిటర్లు బిగింపవలెనని ప్రభుత్వము కోరినది. మోటారులో అయస్కాంత క్షేత్రమును నిలుపుటకు వలయు ప్రవాహమును కెపాసిటరు అక్కడికక్కడే అందించును గనుక లైనుపై బరువు తగ్గును.

1990లలో రామగిరి ప్రాంతమున గాలిమరలు లేచినవి. ఆ కాలపు మరలలో చాలవాటికి ఇండక్షన్ జనరేటర్లే ఉండెడివి. ఇవి కరెంటు నిచ్చుచునే, అయస్కాంత క్షేత్రమునకు వలయు ప్రవాహమును మోటార్లవలె లైనునుండి లాగుకొనును. పైగా గాలి ముమ్మరము జూన్ నుండి సెప్టెంబరు వరకు. బోర్లకు పని హెచ్చు వేసవి మొదటి నెలలలో అది మందగించును.

ఎండ అట్లు కాదు. 2016లో నంబులపూలకుంటలో ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్ల సౌరకేంద్రము పూర్తియైనది. రామగిరియు, నంబులపూలకుంటయు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నవి. అంత పెద్ద కేంద్రపు శక్తి హెచ్చు వోల్టేజి లైన్లపై దూరము పోవును. పొరుగు ఫీడరుకు అది నేరుగా అందదు. 2019లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన పీఎం-కుసుమ్ పథకమున మరియొక త్రోవ కలదు: 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు గల చిన్న సౌరకేంద్రములను గ్రామ సబ్‌స్టేషన్ల చెంతనే నెలకొల్పుట.

సౌరశక్తి మిట్టమధ్యాహ్నము ముమ్మరమై, ప్రొద్దు క్రుంకగనే శూన్యమగును. దానిని బ్యాటరీలలో నిలువచేయుట ఖర్చుతో కూడినది. కాని మోటారు పగలు తిరిగినను రాత్రి తిరిగినను చేనికి నీరు నీరే. కావున మోటార్ల బరువునే పగటికి త్రిప్పుట అన్నిటికంటె చవకైన ఉపాయము. 2019 నుండి రాష్ట్రప్రభుత్వము సేద్యమునకు పగలే 9 గంటల కరెంటు ఇచ్చుటకు పూనుకొన్నది. అందులకు ఫీడర్ల సామర్థ్యమును పెంచవలసివచ్చెను. ఏలయన రాత్రికిని పగటికిని పంచిన బరువంతయు ఇప్పుడు పగటిమీదనే పడును.

ఇందు ఇంకొక విచిత్రము కలదు. మంచి వాన పడిన మరునాడు ఎండ కాయుచుండగా మోటార్లన్నియు ఆగియుండును. అప్పుడు ఫీడరుపై గల చిన్న సౌరకేంద్రపు శక్తి సబ్‌స్టేషను వైపు వెనుకకు ప్రవహించును. ఏ తీగ చివర వోల్టేజి పడిపోయెనో అచటనే అది హెచ్చును. సౌరకేంద్రపు ఇన్వర్టరును తగినట్లు నడిపియో, ట్రాన్స్‌ఫార్మరు ట్యాపులను మార్చియో దీనిని సరిదిద్దుదురు. వాన లేనినాడును ఇట్లే జరుగవచ్చును. రెండు గంటలలో బోరు వట్టిపోయినచో, తక్కిన ఏడు గంటలు కరెంటున్నను మోటారు ఊరక నిలిచియుండును.