కంప్యూటర్ యోగ్యతాపత్రాల కథ

ఉన్న వృత్తి విడిచి కంప్యూటర్ రంగంలో ప్రవేశింపగోరే వ్యక్తికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది: నాకు ఈ పని వచ్చునని ఎవరు చెప్పవలె?

దీనికి సమాధానం వెదకడం 1962లో ప్రారంభమైనది. అమెరికాలో లెక్కల యంత్రాలు నడిపేవారి సంఘమొకటి ఆ యేడు తొలి యోగ్యతాపరీక్ష జరిపినది. మన దేశంలో 1990లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఎ.ఐ.సి.టి.ఇ. కలసి డి.ఒ.ఇ.ఎ.సి.సి. పథకాన్ని నెలకొల్పినవి. 'ఒ', 'ఎ', 'బి', 'సి' అని అందులో నాలుగు అంతస్తులు. అక్కడ బోధించేవారు వేరు, పరీక్షించేవారు వేరు. ఇది మేలైన సూత్రం.

క్రమంగా కంపెనీలు కూడ పరీక్షకులైనవి. 1993లో సిస్కో కంపెనీ నెట్‌వర్కు నిపుణులకు పెట్టిన పరీక్షలో వ్రాత ఒక్కటే చాలలేదు. అభ్యర్థి రెండు దినాలు ప్రయోగశాలలో నెట్‌వర్కును స్వయంగా నిర్మించి, పరీక్షకుడు కావాలని కల్పించిన దోషాలను సరిదిద్దవలసి యుండెను. కంఠస్థం చేసిన జవాబులు అక్కడ పనికిరావు.

అయితే యంత్రం మారితే పత్రం పాతబడును. ఒకప్పుడు ఎందరో కోరుకొన్న ఎం.సి.ఎస్.ఇ. పత్రాన్ని మైక్రోసాఫ్ట్ కంపెనీ 2021 జనవరి 31న విరమించినది. కాని ఆ చదువులో నేర్చిన నెట్‌వర్కు మూలసూత్రాలు విరమణ పొందలేదు.

కనుక రుసుము చెల్లించే ముందు మూడు సంగతులు విచారించవలె. పరీక్షించేది ఎవరు? చేతిపనిని పరీక్షింతురా? ఒక సరకు వాడకమే నేర్పుదురా, దాని వెనుక సూత్రాన్ని కూడ నేర్పుదురా? మూడవ ప్రశ్నకు లభించే జవాబే చిరకాలం అక్కరకు వచ్చును.