జీతగాని అప్పు, నర్సమ్మ అప్పు

ఇబ్రహీంపట్నం మాల మాదిగ వాడలకు అప్పు కొత్త ముచ్చట కాదు. పెండ్లికో, చావుకో, రోగానికో పటేలు దగ్గర పైసలు తెచ్చుకున్న మనిషి ఆ పైసలకు తన ఒళ్లునే కుదువ పెట్టిండు. మిత్తి కట్టలేక జీతానికి కుదిరిండు. ఆయన తీర్చలేనిది కొడుకు మీద పడ్డది. ఆ బతుకును జీతం అన్నారు, వాణ్ని జీతగాడన్నారు. ఇవ్వాళ నెలనెలా చేతికొచ్చే పైసలను కూడా జీతమనే అంటున్నాం. ఒక్క మాటకు ఈ రెండర్థాలు ఎట్లా కుదిరాయో పండితులు తేల్చుకోవచ్చు గానీ, మన ఇండ్లల్లో ఆ మాట వినగానే ముందు గుర్తొచ్చేది మొదటి అర్థమే.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన జీతగాడు విడుదల కాలేదు. 1980ల నడుమ గీతా రామస్వామి వంటి కార్యకర్తలతో కలిసి దళిత కూలీలు ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం కట్టుకున్న తర్వాతనే జీతగాళ్ల విడుదల, కనీస కూలి, భూమి అనేవి ఇక్కడ కొట్లాట అంశాలైనయి. "పాత బాకీ" అనే లెక్కనే చెల్లదనడం ఆ పోరాటంలో ముఖ్యమైన సంగతి.

ఆ తరం మనవరాండ్లు ఇప్పుడు బైపీసీ పాసై నర్సింగు చదువుతామంటున్నారు. సాగర్ రోడ్డు పొడుగునా ఇంజనీరింగు కాలేజీలు లేచిన ఈ ప్రాంతంలో చదువుకు అప్పు చేయడం ఇప్పుడు వింతేమీ కాదు. అయితే నర్సు చదువుకు చేసే అప్పు నర్సు జీతంతో తీరుతుందా?

దానికి ముందు ఇంకో సంగతి చూడాలె. ఈ పని మనకు కొత్తదా? ఊళ్లో పురుడు పోసిందీ, బొడ్డు కోసిందీ, మైలగుడ్డలు ఉతికిందీ చాలా చోట్ల మాదిగ, మంగలి, చాకలి ఆడోళ్లే. వాళ్లకు దక్కింది చాటెడు గింజలు, ఒక పాత చీర. అదే పని దవాఖానలోకి పోయి నర్సింగు అయినప్పుడు, పరాయి ఒంటిని ముట్టాలని, మలమూత్రాలు ఎత్తాలని అగ్రకులాల ఇండ్లు తమ ఆడపిల్లలను పంపలేదు. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ కట్టిన దవాఖాన మొదలు మెదక్, డిచ్‌పల్లి మిషన్ల దాకా ఆ పనికి ముందుకొచ్చిన వాళ్లలో క్రైస్తవంలో చేరిన మాల మాదిగ ఇండ్ల పిల్లలు ఎందరో. 1946 నాటి భోర్ కమిటీ లెక్కల్లో దేశం మొత్తానికి నర్సులు సుమారు 7,000 మంది. అప్పటి శిక్షణలో పిల్ల వార్డులో పని చేస్తూ నేర్చుకున్నది, దవాఖాన ఆమెకు తిండి, బస, కొద్దో గొప్పో స్టైపెండు ఇచ్చింది. ప్రభుత్వ నర్సింగు బళ్లలో స్టైపెండు పద్ధతి ఇప్పటికీ ఉంది. ప్రైవేటు కాలేజీలు పెరిగినంక వ్యవహారం తలకిందులైంది. పిల్ల అదే వార్డు డ్యూటీ చేస్తది, పైగా ఫీజు తనే కడతది. మన అమ్మమ్మల పని విలువ పెరిగి డిగ్రీ అయిన నాటికి ఆ డిగ్రీకి ధర కట్టారు.

ఇక లెక్క చూద్దాం. ఏటా 75 వేల చొప్పున నాలుగేండ్లకు 3 లక్షలు బ్యాంకు అప్పు తీసుకున్నదనుకుందాం, మిత్తి నూటికి 10 అనుకుందాం. చదువు కాలం, ఆ తర్వాత ఒక ఏడాది కిస్తీ ఉండదు గానీ మిత్తి నడుస్తనే ఉంటది. సాధారణ వడ్డీ వేసినా ఆ ఐదేండ్లలో 1 లక్షా 5 వేలు కలుస్తది. 4 లక్షల 5 వేలను పదేండ్లలో తీర్చాలంటే నెల కిస్తీ సుమారు 5,350. చిన్న నర్సింగ్ హోములో 15 వేలకు కుదిరితే మూడో వంతుకు పైగా కిస్తీకే పోతది. పట్నంలో హాస్టలు, తిండి, ఇంటికి పంపేది మిగిలిన దాంట్లోనే. అదే పిల్ల తెలంగాణ సర్కారు స్టాఫ్ నర్సు అయితే 2020 వేతన స్కేలులో మూలవేతనమే 36,750 నుంచి మొదలవుతది. కిస్తీ అందులో ఏడో వంతు.

కాబట్టి "నర్సింగుకు మంచి జీతం ఉంది" అనే మాట సగమే నిజం. ఏ సీటు, ఏ కొలువు అనేది తేలకుండా ఆ మాటకు విలువ లేదు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినంక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు దవాఖానలో కూడా 20 వేలకు తగ్గొద్దన్నది, 200 పడకలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వమన్నది. సిఫారసు సిఫారసుగానే ఉంది, అమలు రాష్ట్రాల ఇష్టానికి వదిలేసిన్రు. సర్కారు కొలువు సంగతికొస్తే, 2022 డిసెంబరు చివర నోటిఫికేషన్ పడితే 2023 ఆగస్టులో పరీక్ష, 2024 జనవరి 31న దాదాపు ఏడు వేల మందికి నియామక పత్రాలు. బ్యాంకు కిస్తీ నోటిఫికేషన్ కోసం ఆగదు.

ఇంకో సంగతి చాలా ఇండ్లల్లో తెలియదు. ఆ స్టాఫ్ నర్సు పోస్టుకు మూడేండ్ల జీఎన్ఎం చేసినా అర్హతే, నాలుగేండ్ల బీఎస్సీ చేసినా అర్హతే, స్కేలు కూడా ఒక్కటే. ఎమ్మెస్సీ చేసి పాఠాలు చెప్పాలన్నా, ఎయిమ్స్ వంటి చోట్లకు అనుభవం అడగకుండా పోవాలన్నా బీఎస్సీ కావాలె. ఆ దారి ఆలోచన లేనప్పుడు ఎక్కువ అప్పు చేసి బీఎస్సీ మేనేజ్‌మెంటు సీటు కొనడం కన్నా సర్కారు బళ్లో జీఎన్ఎం నయం.

ఎస్సీ పిల్లకు అసలు అప్పు ఎందుకు అనేవాళ్లున్నారు. నిజమే, అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో ఉన్న కాలంలో, 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మనకుంది. తెలంగాణలో ఆదాయ పరిమితి లోపున్న ఎస్సీ ఇంటికి ఫీజు సర్కారే కట్టాలె. అయితే మేనేజ్‌మెంటు కోటాకు అది వర్తించదు. కన్వీనర్ సీటుకైనా సర్కారు బకాయిలు పేరుకుపోతయి. 2025 నవంబరులో ఈ బకాయిల కోసమే ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయి. అప్పుడు కాలేజీ సర్కారును పట్టుకోదు, పిల్ల సర్టిఫికెట్లు పట్టుకుంటది. తండ్రి వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తేది అప్పుడే, నూటికి నెలకు రెండో మూడో రూపాయల మిత్తికి. మూడు రూపాయలంటే ఏడాదికి 36. దాని ముందు బ్యాంకు పది శాతం ధర్మమే అనిపిస్తది. బ్యాంకు అప్పులో తల్లో తండ్రో కూడా సంతకం పెట్టాలె. వెనక తండ్రి అప్పు కొడుకు మోసిండు, ఇప్పుడు బిడ్డ అప్పుకు తండ్రి పూచీ.

కేంద్రం 2009లో తెచ్చిన వడ్డీ సబ్సిడీ పథకంలో, కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే ఆ ఐదేండ్ల మిత్తి సర్కారే కడుతది. పై లెక్కలో కిస్తీ 5,350 నుంచి సుమారు 3,965కు దిగుతది. గుర్తింపు లేని కాలేజీకి అది రాదు, అందుకే ఫీజు కట్టేముందు నర్సింగ్ కౌన్సిల్ అనుమతి, కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయ అనుబంధం రెండూ చూసుకోవాలె.

2011-12లో ఢిల్లీ, ముంబై, కేరళ నర్సులు సమ్మెలకు దిగినప్పుడు జీతంతో పాటు అడిగింది దవాఖానలు దాచిన ఒరిజినల్ సర్టిఫికెట్లు, బాండ్ల రద్దు. ఒరిజినల్స్ చేతిలో లేని నర్సు కొలువు మారలేదు, సర్కారు ఇంటర్వ్యూకు పోలేదు, టామ్‌కామ్ ద్వారా విదేశానికీ పోలేదు. కాలేజీలో చేరే రోజునే, బకాయి ఉన్నా సర్టిఫికెట్లు ఆపబోమని రాతపూర్వకంగా తీసుకునే పనికి మన విద్యార్థి సంఘాలు ఇంకా దిగలేదు.