గ్యాలరీ వేసిన ఓటు

1957–58 సీజన్‌లో తూర్పు లండన్ క్లబ్బు వెస్ట్‌హామ్ యునైటెడ్ రెండో డివిజన్‌లో 101 గోల్స్ కొట్టి అగ్రస్థానంలో నిలిచింది. 1932లో చేజార్చుకున్న మొదటి డివిజన్‌లోకి ఇరవయ్యారేళ్ల తర్వాత తిరిగి అడుగుపెట్టింది. ఆ గోల్స్‌లో పెద్ద వాటా జాన్ డిక్, విక్ కీబుల్ అనే ఇద్దరు ఫార్వర్డ్‌లది. సీజన్‌లో ఉత్తమ ఆటగాడిని అభిమానులే ఓటేసి ఎన్నుకునే పద్ధతి ఆ క్లబ్బులో ఆ ఏడాదే మొదలైంది. ‘హామర్ ఆఫ్ ది ఇయర్’ అనే ఆ గౌరవం ఇప్పటికీ సాగుతోంది. తొలిసారి అది డిక్‌కూ దక్కలేదు, కీబుల్‌కూ దక్కలేదు. ఆండీ మాల్కమ్‌కు దక్కింది. మాల్కమ్ వింగ్ హాఫ్. ఎదుటి జట్టులో అందరికన్నా ప్రమాదకరమైన ఆటగాణ్ణి నీడలా వెన్నంటి, అతడి కాళ్లకు బంతి అందకుండా చూడడం అతడి పని. స్కోరు పట్టికలో ఆ పనికి గడి ఉండదు. ఏడాది పొడుగునా గోల్స్ వర్షం చూసిన జనం చివరికి గోల్స్ ఆపినవాడి పేరు రాశారు. ఇలాంటి ఓట్లను జనాకర్షణ పోటీ అని కొట్టిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరి ఆట గొప్పది అన్న ప్రశ్నకు ఇవి తిరుగులేని జవాబు కాకపోవచ్చు. కానీ ఆ ఏడాది తాము ఎవరికి రుణపడ్డామని జనం అనుకున్నారో తెలుసుకోవడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం దొరకదు. ఫుట్‌బాల్ చరిత్ర రాసేవాళ్లు గోల్స్ పట్టిక పక్కన ఈ పేర్ల జాబితానూ పెట్టుకోవాలన్నది నా వాదన.

కాలక్రమం చూస్తే ఈ ఆచారం బలం తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ విలేకరుల సంఘం 1948లో స్టాన్లీ మాథ్యూస్‌తో తన వార్షిక పురస్కారం మొదలుపెట్టింది. ఆటగాళ్ల సంఘం తన సభ్యుల ఓటుతో ఉత్తముణ్ణి ఎన్నుకోవడం 1974లో గాని మొదలు కాలేదు. అప్పుడు గెలిచినవాడు లీడ్స్ డిఫెండర్ నార్మన్ హంటర్. అంటే తోటి ఆటగాళ్లకన్నా పదహారేళ్ల ముందే ఒక క్లబ్బు అభిమానులు ఓటేశారు. తర్వాత 1967లో ఒకేసారి మూడు క్లబ్బుల జాబితాలు మొదలవుతాయి: చెల్సీలో గోల్‌కీపర్ పీటర్ బొనెట్టి, ఆర్సెనల్‌లో ఫ్రాంక్ మెక్‌లింటాక్, నారిచ్ సిటీలో టెర్రీ ఆల్‌కాక్. ఆ ఏడాదే ఎందుకంటే, అంతకుముందు ఆరేళ్లలో జరిగిన వాటిని గుర్తు చేసుకోవాలి. 1961 దాకా ఇంగ్లండ్ ఆటగాడి జీతం వారానికి 20 పౌండ్లు దాటకూడదన్న నిబంధన ఉండేది. అది ఆ ఏడాది రద్దయింది. 1964లో బీబీసీ ‘మ్యాచ్ ఆఫ్ ది డే’ మొదలై ఆటగాళ్ల ముఖాలు ఇళ్లలోకి వచ్చాయి. 1966లో ఇంగ్లండ్ ప్రపంచ కప్ గెలిచింది. పక్క వీధిలో ఉండి, అదే బస్సెక్కి మైదానానికి వచ్చే ఆటగాడు మెల్లగా తారగా మారుతున్న కాలమది. అతడు మనవాడే అని చెప్పుకోవలసిన అవసరం జనానికి అప్పుడే పుట్టిందని నేననుకుంటాను. దగ్గరగా ఉన్నప్పుడు ఎవరూ ఓటు పెట్టి ఆ మాట చెప్పరు.

ఈ ఓటుకు ఇంకో కారణమూ ఉంది, అది మరింత లోతైనది. బార్సిలోనాలో క్లబ్బు అధ్యక్షుణ్ణి సభ్యులే ఎన్నుకుంటారు. జర్మనీలో కొన్ని మినహాయింపులు పోను ఓటింగ్ హక్కుల్లో సగానికి మించినవి సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. ఇంగ్లండ్ క్లబ్బులు మాత్రం పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే లిమిటెడ్ కంపెనీలుగా మారుతూ వచ్చాయి. టికెట్టు ధర, మేనేజరు నియామకం, మైదానం అమ్మకం, వీటిలో దేనిమీదా గ్యాలరీలో నిలబడేవాడికి మాట లేదు. వింబుల్డన్ క్లబ్బును దక్షిణ లండన్ నుంచి మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో ఒక కమిషన్ అనుమతిచ్చింది. అభిమానులు ఎంత ఎదిరించినా వాళ్ల సమ్మతితో ఎవరికీ పని పడలేదు. వాళ్లు విడిపోయి సొంత క్లబ్బు పెట్టుకోవలసి వచ్చింది. తరాల తరబడి ఆ క్లబ్బులను పోషించినవాళ్లకు మిగిలిన ఒకే ఒక్క ఓటు ఈ ఉత్తమ ఆటగాడి ఓటు. దాన్ని యాజమాన్యాలు ప్రచారానికి వాడుకున్నాయన్న మాట నిజమే. ఓటు ఎవరు నిర్వహించారన్నది ఒక సంగతి, ఓటరు దాంతో ఏం చెప్పాడన్నది ఇంకో సంగతి. ఆ కాస్త చోటులోనే జనం ఎంతో చెప్పారు.

నారిచ్ సంగతే చూద్దాం. ఆ క్లబ్బు సెంటర్ హాఫ్, కెప్టెన్ బారీ బట్లర్ 1966 ఏప్రిల్‌లో కారు ప్రమాదంలో చనిపోయాడు. మరుసటి ఏడాది మొదలైన ఓటుకు అతడి పేరే పెట్టారు. ఈనాటికీ అది బారీ బట్లర్ స్మారక ట్రోఫీయే. పుట్టుకలోనే సంతాపం ఉన్న పురస్కారమది. ఆ తర్వాతి చరిత్రలోనూ ఆ ఛాయ పోలేదు. 1992–93లో, ప్రీమియర్ లీగ్ తొలి సీజన్‌లో, నారిచ్ చాలాకాలం పట్టికలో ముందుండి చివరికి మూడో స్థానంలో నిలిచింది. అంత పైకి వచ్చిన జట్టు 61 గోల్స్ కొట్టి 65 ఇచ్చుకుంది. పట్టికను మాత్రమే చదివేవాడికి ఇందులో గోల్‌కీపర్ గొప్పతనం కనిపించదు. అభిమానులు మాత్రం గోల్‌కీపర్ బ్రయన్ గన్‌నే ఎన్నుకున్నారు. ఆ శరదృతువులో గన్ దంపతుల రెండేళ్ల కూతురు రక్త క్యాన్సర్‌తో చనిపోయింది. అతడు ఆ సీజన్‌లోనే తిరిగి గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డాడు, ఆ జబ్బు మీద పరిశోధనకు నిధులు సేకరించడం మొదలుపెట్టాడు, ఊరు ఊరంతా అతడికి తోడుగా నిలిచింది. ఇది ఆటకిచ్చిన ఓటా, దుఃఖానికిచ్చిన ఓటా అని అడగవచ్చు. రెండింటినీ విడదీయమనడం అన్యాయం అంటాను. గోల్స్ వెల్లువలా వస్తున్నా మూడో స్థానం దాకా చేరిన జట్టులో గోల్‌కీపర్ చేసిన పని చిన్నదేమీ కాదు. 1988లో అంతా మామూలుగా ఉన్నప్పుడూ అతణ్ణే ఎన్నుకున్నారు. ఒక ఊరు తన మనిషి కష్టాన్ని ఎలా మోసిందో 1993 పక్కన ఉన్న ఆ పేరు చెబుతుంది. లీగ్ పట్టిక చెప్పలేని సంగతి అది.

చెల్సీ జాబితా ఇంకా కఠినమైన కథ చెబుతుంది. కెరీ డిక్సన్ ఆ క్లబ్బుకు 193 గోల్స్ కొట్టాడు. 1983–84లో జట్టు రెండో డివిజన్ గెలిచినప్పుడు అందరికన్నా ఎక్కువ గోల్స్ అతడివే. మరుసటి ఏడాది మొదటి డివిజన్‌లో 24 గోల్స్‌తో గ్యారీ లినేకర్‌తో సమంగా అగ్రస్థానంలో నిలిచాడు. అయినా అభిమానుల ఓటు 1984లో పాట్ నెవిన్‌కు, 1985లో డేవిడ్ స్పీడీకి వెళ్లింది. డిక్సన్ పేరు ఆ జాబితాలో ఏ ఏడాదీ లేదు. గోల్స్ కొట్టేవాడికే జనం ఓటేస్తారన్న ఆరోపణకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. ఇక నెవిన్ గెలిచిన ఏడాదిని కాస్త ఆగి చూడాలి. చెల్సీ తరఫున ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు పాల్ కానొవిల్. 1982 ఏప్రిల్‌లో క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో అతడు తొలిసారి బరిలోకి దిగడానికి సిద్ధమవుతుంటే సొంత అభిమానులే జాతి పేరు పెట్టి బూతులు తిట్టారు. రెండేళ్ల తర్వాత అదే మైదానంలో గెలుపు గోల్ కొట్టిన నెవిన్, మ్యాచ్ ముగిశాక విలేకరులతో ఆట గురించి మాట్లాడకుండా, కానొవిల్‌ను తిట్టిన తన అభిమానులనే తప్పుపట్టాడు. ఆ వసంతంలో ఆ అభిమానులే అతణ్ణి ఉత్తముడిగా ఎన్నుకున్నారు. ఆ మాటకే ఓటేశారని నేననను. వింగర్‌గా అతడి ఆటకు ఓటేసినవాళ్లే ఎక్కువ ఉంటారు. ఆ మాట అన్నందుకు అతణ్ణి వెలివేయలేదన్నది మాత్రం ఖాయం. మరో ఆరేళ్లకు, 1990లో, సురినామ్‌లో పుట్టిన డచ్ డిఫెండర్ కెన్ మోంకూ ఆ పురస్కారం అందుకున్న తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. 1992లో పాల్ ఎలియట్, 1993లో ఫ్రాంక్ సింక్లెయిర్ గెలిచారు. ద్వేషం ఆ గ్యాలరీ నుంచి పూర్తిగా పోయిందని దీనర్థం కాదు. కానొవిల్‌ను తిట్టిన గొంతులు కూడా చరిత్రే, వాటిని ఎవరూ తుడిచేయకూడదు. ఆ గొంతుల పక్కనే కూర్చున్న, పేరు తెలియని వేలమంది మనసు ఎటు కదులుతోందో చూపే లిఖిత ఆధారం మాత్రం ఈ మూడు పేర్లే.

అభ్యంతరాలు తక్కువేమీ లేవు. సీజన్ చివర్లో ఓటేస్తారు కాబట్టి ఆగస్టులో మెరిసినవాణ్ణి మరిచి ఏప్రిల్‌లో మెరిసినవాణ్ణి ఎన్నుకుంటారన్నది ఒకటి. ఆ లోపం అందరికీ ఉంది. విలేకరులు, ఆటగాళ్లు కూడా సీజన్ పూర్తికాకముందే ఓటేస్తూ వచ్చారు. నిపుణుల తీర్పు నిలకడైనది, జనం తీర్పు భావావేశం అనే వాదాన్ని 1971తో పరీక్షించవచ్చు. ఆర్సెనల్ లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిచిన ఆ ఏడాది విలేకరులు కప్పు పైకెత్తిన కెప్టెన్ మెక్‌లింటాక్‌ను ఎన్నుకున్నారు. ఆర్సెనల్ అభిమానుల ఎంపిక గోల్‌కీపర్ బాబ్ విల్సన్. 42 లీగ్ మ్యాచుల్లో ఆ జట్టు ఇచ్చిన గోల్స్ 29. ఇద్దరిలో ఎవరి ఎంపిక ఎక్కువ భావావేశంతో కూడుకున్నదో పాఠకులే తేల్చుకోవచ్చు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంటర్నెట్ గురించి. కాగితం మీద పేరు రాసి పంపే రోజుల్లో ఓటరు మ్యాచ్ చూసినవాడు. ఇప్పుడు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో అర్ధరాత్రి తెరముందు కూర్చున్న తెలుగు కుర్రాడు కూడా మాంచెస్టర్ యునైటెడ్ ఉత్తముడికి ఓటేయగలడు. దూరాన ఉన్నవాళ్లు ప్రకటనల్లో కనిపించే తారకే ఓటేస్తారన్న భయం సహజం. ఫలితాలు మాత్రం ఆ భయాన్ని బలపరచడం లేదు. ఆ క్లబ్బు పాత మేనేజరు మ్యాట్ బస్బీ పేరు మీద ఇచ్చే ఆ పురస్కారం 1988లో బ్రయన్ మెక్‌క్లెయిర్‌తో మొదలైంది. 2013లో మేనేజరు అలెక్స్ ఫెర్గుసన్ లీగ్ గెలిచి తప్పుకున్నాక 2014, 2015, 2016, 2018లో అది ఒకే మనిషికి, గోల్‌కీపర్ డేవిడ్ డి గియాకు దక్కింది. 2017లో జ్లాటన్ ఇబ్రహిమోవిచ్ అంతటి తార 28 గోల్స్ కొట్టినా, మిడ్‌ఫీల్డ్‌లో చెమటోడ్చిన అండర్ హెరెరా గెలిచాడు. ఖరీదైన ఫార్వర్డ్‌లను కొంటూ పోయిన క్లబ్బులో ఐదేళ్లలో నాలుగుసార్లు గోల్‌కీపరే ఉత్తముడయ్యాడంటే, ఆ జట్టుకు ఏమైందో ఓటర్లకు తెలుసన్నమాట. ఆ క్లబ్బు మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్ మెట్లు ఎన్నడూ ఎక్కనివాళ్లు కూడా ఆ ఓటర్లలో ఉన్నారు.

గోల్స్ కొట్టినవాళ్లు గెలిచిన ఏళ్లూ ఉన్నాయి, వాటిని దాచడం నా ఉద్దేశం కాదు. నారిచ్‌లో గ్రాంట్ హోల్ట్ 2010 నుంచి వరుసగా మూడుసార్లు గెలిచాడు. మూడో అంచె నుంచి ప్రీమియర్ లీగ్ దాకా జట్టును నడిపించిన కెప్టెనూ అతడే, గోల్స్ కొట్టినవాడూ అతడే. అప్పుడు రుణం, పట్టిక రెండూ ఒకే పేరు చెప్పాయి. ఈ ఆచారంలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. చాలా క్లబ్బుల జాబితాల్లో విజేత పేరొక్కటే మిగులుతోంది. రెండో స్థానం ఎవరిది, తేడా ఎన్ని ఓట్లు, ఎంతమంది ఓటేశారు అన్నవి కనబడవు. 1984లో డిక్సన్ నెవిన్‌కు ఎంత దగ్గరగా వచ్చాడో, 1990కి ముందే ఎవరైనా నల్లజాతి ఆటగాడు గెలుపు అంచుదాకా వెళ్లాడో తెలిస్తే పైన చెప్పిన కథలు మరింత గట్టిగా నిలుస్తాయి, లేదా మారిపోతాయి. క్లబ్బుల దగ్గరా, అభిమాన సంఘాల దగ్గరా ఓట్ల లెక్కలు ఏ రూపంలో మిగిలి ఉన్నా ట్రోఫీలతో సమానంగా భద్రపరచాలి, అడిగినవాళ్లకు చూపించాలి. ఇకమీదట ప్రతి మే నెలలో విజేత పేరుతోపాటు పూర్తి లెక్కనూ ప్రకటించాలి.