కంట్రోల్-సి రెండోసారి నొక్కితే

కంట్రోల్-సి నొక్కగానే ప్రోగ్రామ్ ఉన్నపళంగా ఆగిపోకుండా, తన తాత్కాలిక ఫైళ్లు తుడిచేసి మరీ వెళ్లాలి. 1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో అందుకో దారి ఉంది: ఆ పని చేసే హ్యాండ్లర్‌ని 'సిగ్నల్' అనే కాల్‌తో నమోదు చేయడం. చిక్కల్లా, కంట్రోల్-సి పంపే సిగ్నల్ ఒకసారి అందగానే కెర్నల్ ఆ నమోదును చెరిపేసేది. అందుకని హ్యాండ్లర్ మొదటి పనే మళ్లీ నమోదు చేసుకోవడం. ఆలోపున్న సందులో రెండో కంట్రోల్-సి పడిందా, ప్రోగ్రామ్ ఖతం.

ఇంకో సందు, సిగ్నల్ కోసం ఎదురుచూసే ప్రోగ్రామ్ నిద్రకు ముందుంది. హ్యాండ్లర్ ఎత్తే జెండా చూసి, సిగ్నల్ ఇంకా రాలేదని తేల్చుకుని, 'పాజ్' పిలిచి నిద్రపోవాలి. సరిగ్గా ఆ రెంటి నడుమే సిగ్నల్ వచ్చి వెళ్తే ఇక లేపే దిక్కుండదు. ఇలాంటివి పరీక్షల్లో ఓ పట్టాన దొరకవు.

1983లో బర్క్‌లీ వాళ్ల 4.2 బీఎస్‌డీ రెండు సందులూ మూసింది. నమోదు చెరగదు. హ్యాండ్లర్ నడుస్తుండగా అదే సిగ్నల్ మళ్లీ వస్తే కెర్నల్ ఆపి ఉంచుతుంది. ఆపిన సిగ్నల్‌ని వదలడం, నిద్రపోవడం ఒకే కాల్‌లో జరుగుతాయి. యూనిక్స్‌లో మరో శాఖ సిస్టమ్ ఫైవ్ మాత్రం వేరే దారి పట్టింది. చివరికి 1988 నాటి పోసిక్స్ ప్రమాణం 'సిగ్‌యాక్షన్', 'సిగ్‌సస్పెండ్'లతో ఆ తగువు తీర్చింది.

అయినా హ్యాండ్లర్ ఎప్పుడు దూకుతుందో ఎవరికీ తెలీదు. మెమరీ కేటాయించే మాలాక్ తన జాబితాలు సగం సర్దిన క్షణాన దూకి, తానూ మాలాక్‌నే పిలిస్తే మెమరీ లెక్కలు తారుమారు. అందుకే జాగ్రత్తపరులు హ్యాండ్లర్‌లో జెండా ఎత్తి ఊరుకున్నారు. కానీ చాలా కనెక్షన్ల కోసం ఒకేసారి ఎదురుచూసే 'సెలెక్ట్' కాల్‌లో నిద్రపోయే సర్వర్లకు పాత సందే మళ్లీ ఎదురైంది. డేనియల్ బెర్న్‌స్టైన్ దానికో ఉపాయం చెప్పాడు: ప్రోగ్రామ్ తనకు తానే ఒక పైపు తెరుచుకోవాలి, హ్యాండ్లర్ అందులో ఒక్క బైటు రాయాలి. నిద్రకు ముందే సిగ్నల్ వచ్చినా బైటు పైపులోనే ఉంటుంది కనుక సెలెక్ట్ వెంటనే మేలుకుంటుంది. ఇదే సందును నేరుగా మూసే 'పీసెలెక్ట్' కాల్ లినక్స్ కెర్నల్‌లోకి 2006లో గానీ రాలేదు.

ఆ ఏడాదే, దూరపు యంత్రాల్లోకి లాగిన్ చేయించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో హ్యాండ్లర్ లోపం ఒకటి పూడ్చారు. 2020లో జరిగిన ఒక మార్పుతో అది తిరిగి తెరుచుకుంది. గడువులోగా లాగిన్ కానివారి కోసం మోగే అలారం హ్యాండ్లర్ లాగ్ రాసే సిస్‌లాగ్‌ని పిలిచేది, లినక్స్ సి లైబ్రరీ గ్లిబ్‌సీలో అది మాలాక్ దాకా వెళ్లేది. ఆ దారిన, లాగిన్ లేకుండానే రూట్ అధికారం చేజిక్కించుకోవచ్చని 2024 జులైలో భద్రతా సంస్థ క్వాలిస్ పరిశోధకులు చూపించారు. దిద్దుబాటులో హ్యాండ్లర్‌కి కొత్త తెలివేమీ నేర్పలేదు. లాగ్ రాసే పనిని దాని చేతిలోంచి తీసేసి, తీరిగ్గా చేయగల మరో ప్రాసెస్‌కి అప్పగించారు.