మునిగిన వృత్తిజ్ఞానం: సదరన్ ఇండియన్ సరస్సు క్రీ మత్స్యకారులు

కెనడాలోని మానిటోబా రాష్ట్రపు ఉత్తర భాగంలో, చర్చిల్ నదీ మార్గంలో సదరన్ ఇండియన్ సరస్సు ఉంది. దాని ఒడ్డున నివసించే క్రీ ఆదివాసులు 1942 నుండి అక్కడ వాణిజ్యపరంగా చేపల వేట సాగించారు. జలవిద్యుత్ పథకాల వలన కలిగే నష్టాన్ని సాధారణంగా మునిగిన భూమితోనూ తగ్గిన దిగుబడితోనూ కొలుస్తారు. ఈ సరస్సులో వాటితోపాటు తరతరాల వృత్తిజ్ఞానం కూడా మునిగిపోయిందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

వేసవిలో పడవల మీద నుండి వలలు వేసేవారు. శీతకాలంలో గడ్డకట్టిన సరస్సుకు రంధ్రం చేసి, మంచు అడుగున తాడు నడిపి, ఆ తాడుతో వలను లాగేవారు. వారి ప్రధాన సరుకు వైట్‌ఫిష్. ఈ చేప కండలోని పరాన్నజీవి తిత్తుల సంఖ్యను బట్టి శ్రేణి నిర్ణయమయ్యేది. తిత్తులు తక్కువగా ఉన్న లేతరంగు చేపకు ఎగుమతి శ్రేణి, మంచి ధర లభించేవి. ముదురురంగు చేపలూ అదే సరస్సులో ఉండేవి. కనుక ఏ కాలంలో ఏ తావున వల వేయాలో తెలియడమే జాలరికి అసలైన పెట్టుబడి. 1969లో మంచినీటి చేపల మార్కెటింగ్ కోసం సమాఖ్య ప్రభుత్వ సంస్థ ఏర్పడిన తరువాత ధర నిర్ణయం ఆ సంస్థదైంది. శ్రేణిని నిలుపుకొనే నేర్పు మాత్రమే జాలరి చేతిలో మిగిలింది.

నెల్సన్ నదిపై విద్యుదుత్పత్తి కోసం చర్చిల్ జలాలను మళ్ళించే క్రమంలో 1976లో సరస్సు మట్టాన్ని సుమారు 3 మీటర్లు పెంచారు. ఒడ్లు కోసుకుపోయి నీరు బురదబారింది. మునిగిన అడవుల కలప వలలకు తగులుకుంది. వైట్‌ఫిష్ పాత తావులను విడిచి చెదిరిపోయింది. దిగుబడి నిలుపుకోవడానికి జాలరులు కొత్త తావులకు వెళ్ళగా ముదురురంగు చేపలే ఎక్కువగా పడ్డాయి, శ్రేణి పడిపోయింది. మాంసాహార చేపలలో పాదరసం కూడా పెరిగింది.

1977 నాటి ఉత్తర ముంపు ఒప్పందంపై ఐదు ఆదివాసీ సముదాయాలు సంతకం చేశాయి. ప్రత్యేక సముదాయంగా గుర్తింపు లేనందున ఈ సరస్సు ప్రజలు వాటిలో లేరు. ఆ గుర్తింపు 2005లో గాని రాలేదు. మత్స్యకారులకు పరిహారం వేరుగా అందింది. అయితే పరిహారం తగ్గిన ఆదాయాన్ని లెక్కించగలదు గాని, తండ్రి నుండి కుమారునికి సంక్రమించే నీటి ఎరుకను లెక్కించలేదు. ముంపు చరిత్ర రచనలో ఈ ఎరుకను కూడా ఆస్తిగా పరిగణించవలసి ఉంది.