జాలి కన్నా ముందు నిష్పక్షపాతం: క్యాజువాలిటీలో మానవతా సూత్రాల బోధన

రెడ్‌క్రాస్ సూత్రాలకు 1979లో జాఁ పిక్టే రాసిన వ్యాఖ్యానం మానవతకు మొదటి పీట వేసింది. మిగిలిన సూత్రాలన్నీ దాన్నుంచే పుడతాయంది. మన వైద్య అధ్యాపకుల్లో చాలామంది ఆ వరసనే పట్టుకున్నారు. రెడ్‌క్రాస్ పుట్టుకకు ప్రేరణైన సాల్ఫెరినో యుద్ధభూమి కథ చెప్పి, విద్యార్థి కళ్లు చెమర్చగానే పాఠం అయిపోయిందనుకుంటారు. నా పేచీ ఈ వరసతోనే. నిష్పక్షపాతాన్ని పిక్టే తక్కువ చేశాడని కాదు. అవసరాన్ని బట్టే సాయమన్నది ఆయనకూ సమ్మతమే. కానీ క్యాజువాలిటీలో జాలి ముందు నడిస్తే దారి తప్పిస్తుంది.

ఒక బోధనాసుపత్రిలో రాత్రి డ్యూటీ వేళ చూసింది ఇది. నుదురు చిట్లిన పిల్లవాణ్ణి ఎత్తుకుని తల్లి కేకలు పెడుతూ వచ్చింది. హౌస్ సర్జన్లు, నర్సు, వార్డ్ బాయ్ అందరూ అటే పరుగెత్తారు. బల్ల మీద ఒక పెద్దాయన చొక్కా తడిసేలా చెమటలు కక్కుతూ దవడ పట్టుకుని కూర్చున్నాడు. అడిగితే, "గ్యాస్ పట్టినట్టుంది బాబూ, ముందు ఆ పిల్లాణ్ణి చూడండి" అన్నాడు. ఈసీజీ తీసేసరికి గుండెపోటు. అక్కడ కరుణకు లోటు లేదు, అదంతా ఏడుపు వినిపించిన వైపే పోయింది. సిఫారసు ఫోన్ల సంగతి సరేసరి!

కోర్టుకెక్కిన ఉదాహరణ ఒకటుంది. 1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషన్ దగ్గర రైలు నుంచి జారిపడి ఒక వ్యవసాయ కూలీ తలకు బలమైన గాయమైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి కలకత్తాలోని పెద్దాసుపత్రుల దాకా తిప్పారు. ఒకచోట ఎక్స్‌రే తీశారు, మరోచోట సీటీ స్కాన్ చేశారు. చివరికి చాలాచోట్ల ఒకటే జవాబు: బెడ్ లేదు. ఆయన ప్రైవేటు ఆసుపత్రిలో చేరి సుమారు రూ.17,000 ఖర్చుపెట్టుకోవాల్సి వచ్చింది. అత్యవసర చికిత్స అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చి, రూ.25,000 పరిహారం ఇప్పించింది. తప్పనిసరైతే ట్రాలీ మీదో నేల మీదో అయినా చేర్చుకోవాలన్న ఆదేశాలూ ఆ కేసు దరిమిలా వచ్చినవే. స్కాన్ తీసిన చేతులు నిర్దయ చేతులని నేననను. బెడ్ల మీదున్న వారిలో ఇతనికన్నా తక్కువ అవసరం ఎవరిదని అడిగినవాళ్లే లేరు. ఆ ప్రశ్న అడగడమే నిష్పక్షపాతం.

దాన్ని నేర్పడానికి ఉపన్యాసం కన్నా ట్రయాజ్ (తీవ్రతను బట్టి రోగుల వరస తేల్చడం) అభ్యాసం మేలు. 1983లో కాలిఫోర్నియాలో రూపొందిన స్టార్ట్ పద్ధతిలో నడవగలవారిని ఆకుపచ్చ గుంపుగా పక్కకు పంపి, మిగిలినవారిలో శ్వాస నిమిషానికి 30 దాటిందా, గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలో రంగు తిరిగొచ్చిందా, చెప్పిన మాట వింటున్నారా అని చూస్తారు. ఆ పెద్దాయన లాంటివారు ఇందులో ఆకుపచ్చ గుంపులో పడిపోవచ్చు, కనుక ఈసీజీ తోడుండాలి. అయినా కులం, హోదా, కేకలు అడ్డురాని వరస ఇదే. ఇది ఒంటబట్టిన విద్యార్థి తుపాను శిబిరంలోనూ, యుద్ధంలోనూ తడబడడు.

2019 నుంచి ఎంబీబీఎస్‌లో ఏట్‌కామ్ (వైఖరి, నీతి, సంభాషణ) మాడ్యూళ్లు ఉన్నాయి. పాఠ్య సంఘాలకు నా విన్నపం ఒక్కటే: మానవతా సూత్రాల మొదటి తరగతిని లెక్చర్ హాల్ నుంచి క్యాజువాలిటీకి మార్చండి.